తెర అవతలి బటన్

ఇన్‌స్పెక్టర్ దృష్టిలో ఆ కేసు అప్పటికే ముగిసింది. ముగిసిన కేసులోకి ఇంకో మనిషి రావడం ఆయనకు, చెయ్యి కడుక్కున్నాక ఎవరో మళ్లీ వడ్డించినట్టుగా ఉంది.

"పన్నెండున్నరకి ఆమెను స్టేషన్‌కి తీసుకుపోతాను. అప్పటిదాకా మీ ఇష్టం. ఏం ఊడబొడుస్తారో ఊడబొడవండి," అన్నాడు.

డిటెక్టివ్ వాచీ చూసుకున్నాడు. పదకొండు దాటింది.

"మీరు చేసింది సరిదిద్దడానికి అంత టైమెందుకు లెండి," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

అది ధాన్యం నిల్వచేసే కంపెనీలో కంట్రోల్ రూమ్. కిటికీలోంచి చూస్తే ఆవరణ మధ్యలో మూడంతస్తుల ఎత్తున ఇనుప గాదె కనబడుతుంది. గాదె అడుగున ఒక గేటు. అది తెరుచుకుంటే ధాన్యం కింది గొట్టంలోకి జారుతుంది. తెరవడానికీ మూయడానికీ ఈ గదిలో కంప్యూటర్ తెరమీద రెండు బటన్లున్నాయి. నాలుగు రోజుల క్రితం కంపెనీ మెకానిక్ గాదెలోకి దిగి ధాన్యం మీద నిలబడి ఉండగా అడుగున గేటు తెరుచుకుంది. కాళ్లకింద ధాన్యం బావిలా గుంటపడి మనిషిని లోపలికి లాగేసింది. బయటికి తీసేసరికి ప్రాణం లేదు.

బటన్ నొక్కింది ఆపరేటర్ అని కంప్యూటర్ చెబుతోంది. ఆపరేటర్ ఆ మెకానిక్ భార్యే. ఎనిమిది నెలలుగా ఇద్దరూ విడివిడిగా ఉంటున్నారు.

"భార్య. విడిపోయింది. బటన్ చేతికింద ఉంది. మూడు ముక్కల్లో తేలిపోయింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూడు ముక్కల్లో తేలిపోయేది మీ బుర్ర. కేసు కాదు."

ఇన్‌స్పెక్టర్ ముఖం కందగడ్డయింది. కానీ ఆయన్ని లోపల్లోపల తొలుస్తున్న సంగతి వేరే ఉంది. ఈ డిటెక్టివ్‌ని పెట్టుకున్నది ఆపరేటర్ తరఫువాళ్లు కాదు, చచ్చిపోయినవాడి తల్లి. కొడుకుని చంపిందన్న కోడలి కోసం అత్త డిటెక్టివ్‌ని పెట్టడం ఆయన సర్వీసులో చూడలేదు. ఆ ముసలావిడ పొద్దుటినుంచీ గాదె మొదట్లో సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఉంది. ఎవరు పిలిచినా పైకి రాలేదు.

వచ్చేటప్పుడు డిటెక్టివ్ ఆవిడ దగ్గర ఆగి, మీ కోడలు చంపలేదని ఎలా చెప్పగలరని అడిగాడు.

"విడిపోయినవాళ్లు చంపుకోరు నాయనా," అందావిడ. "చంపుకోవాలంటే రోజూ ఒకళ్ల ముఖం ఒకళ్లు చూసుకుంటూ మండిపోవాలి. ఇల్లొదిలి వచ్చిన రోజున మావాడు నా దగ్గర కూర్చుని ఏడ్చాడు. వాడు నిద్రపోయాక ఆ పిల్ల ఫోన్ చేసి ఏడ్చింది. ఇద్దరి ఏడుపూ విన్నదాన్ని నేనే. ముందు నువ్వు రా అంటే నువ్వు రా అనే రకాలు. చంపే రకాలు కావు. కొడుకు ఎలాగూ పోయాడు. ఉన్న ఒక్కదాన్నీ జైల్లో పెడితే నాకింకెవరున్నారు?"

పోలీసు కాగితాల్లో ఈ మాటల్లో ఒక్కటీ లేదు. ముసలివాళ్లు చెప్పేది రాసుకోవడం దండగని ఇన్‌స్పెక్టర్ అభిప్రాయం.

ఆపరేటర్‌ని పిలిపించారు. ముప్ఫై అయిదేళ్లుంటాయి. కళ్లు పొడిగా ఉన్నాయి.

"చూశారా, నీటిచుక్క లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఏడిస్తే నటన అంటారు, ఏడవకపోతే కసాయి అంటారు. మీకేది కావాలో చెప్పండి సార్, అదే చేస్తాను," అందామె.

డిటెక్టివ్‌కి ఆమె నచ్చింది. నచ్చినట్టు కనబడనివ్వలేదు.

"ఆయన గాదెలో ఉన్నాడని నీకు తెలుసా?"

"తెలీదు. ఎవరైనా లోపలికి దిగుతుంటే మేనేజర్ గారు నాకు ఫోన్ చెయ్యాలి. అప్పుడు గేటు తెరుచుకోకుండా తెరమీద తాళం వేస్తాను. ఆరోజు ఫోన్ రాలేదు."

"మెకానిక్ అడక్కుండా దిగాడని మేనేజర్ చెప్పాడు," అని అందుకున్నాడు ఇన్‌స్పెక్టర్.

"చచ్చినవాడు వచ్చి కాదనడు కదా. మీరు నమ్మడానికి అంతకంటే ఏం కావాలి?" అన్నాడు డిటెక్టివ్. ఆమె వైపు తిరిగాడు. "ఆరోజు పదకొండు నలభైకి ఏం జరిగింది?"

"తెరమీద గేటు గుర్తు ఎర్రబడింది. నేనేం ముట్టుకోలేదు. చూడగానే 'మూయి' నొక్కాను."

"ఎందుకు తెరుచుకుందా అని ఆలోచించలేదా?"

"పాలు పొంగుతుంటే ఎందుకు పొంగాయని ఆలోచిస్తామా సార్? ముందు పొయ్యి ఆపుతాం."

"భయమేసి మూసింది. చేసింది చేసి పశ్చాత్తాపం!" చప్పట్లు కొట్టడమొక్కటే తక్కువన్నట్టు అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"నీ పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు. మేనేజర్ గారికే చెప్పలేదు. నెలాఖరు రిపోర్టు చూసుకోవడం ఆయనకి ఇన్నేళ్లయినా చేతకాలేదు. ఆయన కంప్యూటర్లో కూడా నేనే వెళ్లి నా పేరుతో తెరిచి పెట్టాలి. తెరవగానే 'ఇక నువ్వెళ్లు' అంటారు. వచ్చేస్తాను."

డిటెక్టివ్ ఇంకో ప్రశ్న వెయ్యబోతుండగా మేనేజరే లోపలికి వచ్చాడు. జుట్టుకు నల్లరంగు, ఒంటికి అత్తరు. మనిషి చచ్చిన చోట అత్తరు పూసుకు తిరిగేవాణ్ణి డిటెక్టివ్ ఎగాదిగా చూశాడు.

"ఇన్‌స్పెక్టర్ గారూ, అన్నీ సిద్ధం చేయించాను. గాదెలో నిచ్చెన దించాను, తాళ్లు కట్టించాను. పన్నెండుకి దిగితే ఎండ నడినెత్తిన ఉంటుంది, లోపల బాగా కనబడుతుంది. ఈమెను కూడా దింపితే మనిషి ఎక్కడ మునిగాడో మీకు దగ్గరుండి చూపించినట్టుంటుంది."

"నేనెప్పుడూ గాదెలోకి దిగలేదు," అందామె.

"ఈరోజు దిగుతావు," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఆమె ఎప్పుడూ చూడని చోటు ఆమె మీకు చూపించేదేంటి?" అన్నాడు డిటెక్టివ్.

"నేర స్థలం నేను నా కళ్లతో చూస్తాను మాస్టారూ. కుర్చీలో కూర్చుని కథలల్లే రకం కాదు నేను. మీరు కంప్యూటర్లతో ఆడుకోండి."

"పోయినవాడు ఎలాగూ తిరిగి రాడు," మేనేజర్ నవ్వాడు. "మిగిలినవాళ్ల టైమైనా పాడుచెయ్యకండి."

ముగ్గురూ మెట్లు దిగిపోయారు. ఆమె గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి చూసింది.

ఇక గదిలో మిగిలింది ప్రోగ్రామర్. గేటు ప్రోగ్రాం రాసినవాడు. పొద్దుటినుంచీ గోడకి ఆనుకుని, ఈ గోలంతా తనకు సంబంధం లేదన్నట్టు నిలబడి ఉన్నాడు.

"ఇలా రా. ఆరోజు నమోదైంది నాకు చూపించు," అన్నాడు డిటెక్టివ్.

తెరమీద రెండు వరుసలు వచ్చాయి. ఒకటి 'తెరువు', ఒకటి 'మూయి'. రెంటి పక్కనా ఆపరేటర్ పేరే. ఆ పక్కన కొన్ని అంకెలు.

"ఇవేంటి?"

"నొక్కినప్పుడు బటన్ తెరమీద ఎక్కడుందో సార్. తెర ఎడమవైపు పైమూల నుంచి అడ్డంగా ఎన్ని చుక్కలు, కిందకి ఎన్ని చుక్కలు అని. ఆపరేటర్లు ఊరికే పేచీ పెట్టేవాళ్లు, నేను నొక్కలేదు, అదే నొక్కుకుంది అని. అందుకని ఎవరు నొక్కినా, ఆ క్షణాన బటన్‌ని నువ్వెక్కడున్నావని అడిగి రాసుకునేలా పెట్టాను."

"తెలివైన పనే. పోలీసులు వచ్చాక ఈ అంకెలు ఒక్కసారైనా చదివావా?"

"లేదు సార్."

"రాసినవాడూ చదవడు, అరెస్టు చేసేవాడూ చదవడు. బాగుంది. మూయి బటన్ ఎక్కడుంది?"

"అడ్డంగా 812. అంటే తెర మధ్యకి కాస్త ఇటుగా."

"తెరువు?"

ప్రోగ్రామర్ తెరమీదకి వంగాడు. "మైనస్ 21,093."

"రెండు బటన్లూ పక్కపక్కనే ఉంటాయి కదా?"

"అవును సార్. ఇది చెత్త నెంబర్. అప్పుడప్పుడు అలా పడుతుంది."

"అప్పుడప్పుడంటే? వెతుకు. ఇంకెన్నిసార్లు పడిందో చెప్పు."

ప్రోగ్రామర్ వెతికాడు. ఆ ఏడాది మొత్తంలో ఇంకొక్కటి లేదు.

"ఏడాదంతా బుద్ధిగా ఉన్న యంత్రానికి మనిషి చచ్చే నిమిషంలోనే వెర్రెత్తిందా?" డిటెక్టివ్ గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట ఎక్కువ గుచ్చుకుంది. "మైనస్ అంటే ఎటువైపు?"

"తెరకి ఎడమవైపు. బయట."

"తెర వెడల్పు ఎన్ని చుక్కలు?"

"పంతొమ్మిది వందల ఇరవై."

"అంటే పదకొండు తెరల అవతల. ఆ గోడ అవతల ఎక్కడో. ఆమె చెయ్యి గోడలోంచి దూరి నొక్కిందా?" డిటెక్టివ్ కుర్చీ ముందుకు జరిపాడు. "నీ ప్రోగ్రాం బటన్‌ని ఎక్కడున్నావని అడిగింది. బటన్ జవాబు చెప్పింది. ఆ జవాబు నీకు అర్థం కాలేదు కాబట్టి చెత్తంటున్నావు. అబద్ధమాడితే బటన్‌కి ఒరిగేదేం లేదయ్యా. బటన్ తెర బయటికి ఎప్పుడు పోతుంది?"

ప్రోగ్రామర్ గోడ వైపు చూశాడు.

"విండోని మినిమైజ్ చేసి కిందకి దించేసినప్పుడు సార్. దించేస్తే విండో మాయమైందనుకుంటాం. కానీ సిస్టమ్ దాన్ని తీసెయ్యదు. ఎవరికీ కనబడనంత దూరం, ఊరవతల పారేసినట్టు తీసుకెళ్లి పడేస్తుంది. లోపలి బటన్లూ దాంతోపాటే పోతాయి."

"చేసి చూపించు."

గేటుకు కలపని నకలు ప్రోగ్రాం ఒకటి అతని దగ్గర ఉంది. దాన్ని తెరిచి విండోని కిందకి దించాడు. మౌస్ ముట్టకుండా, బటన్‌కి 'నిన్ను నొక్కారు' అని కబురు పంపే నాలుగు వరుసలు గబగబా రాసి నడిపాడు. నకలు జవాబు నమోదు చేసింది.

మైనస్ 31,760.

"తన విండో అంచు నుంచి బటన్ 240 చుక్కల లోపల ఉంటుంది. అది తీసేస్తే విండో ఉన్నది సరిగ్గా మైనస్ ముప్ఫై రెండు వేల దగ్గర. అదే సార్ సిస్టమ్ వాటిని పారేసే చోటు!" అన్నాడు ప్రోగ్రామర్. "కనబడని బటన్‌ని చేత్తో నొక్కలేం. ఎవరో ఇలాంటి ప్రోగ్రామే పెట్టి నొక్కించారు."

"ఈ సంగతి నాలుగు రోజుల క్రితం చెప్పి ఉంటే ఆమె ఇంట్లో కూర్చుని ఏడ్చుకునేది."

ప్రోగ్రామర్ తల దించుకున్నాడు. డిటెక్టివ్ అతన్ని ఓదార్చలేదు.

"ఇంకోటి. నీది ముప్ఫై రెండు వేలు. ఆరోజుది 240 తీసేసినా ఇరవై ఒక్క వేల మూడొందల ముప్ఫై మూడే. పారేసే చోటు ఒకటే అయితే దూరం ఎందుకు తగ్గింది?"

ప్రోగ్రామర్ వేళ్లమీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు.

"మూడింట రెండు వంతులు... ఒకటిన్నరతో భాగిస్తే వచ్చింది! సార్, ఇది ఈ కంప్యూటర్ కాదు. అక్షరాలు కనబడక తెరని ఒకటిన్నర రెట్లు పెద్దది చేసుకున్న కంప్యూటర్. మన ప్రోగ్రాం పాతది, పెద్దక్షరాల సంగతి దానికి తెలీదు. అలాంటి పాతవాటికి సిస్టమ్ దూరాలన్నీ ఒకటిన్నరతో భాగించి చెబుతుంది."

"నీ కంప్యూటర్?"

"మామూలు సైజే."

"గేటు ప్రోగ్రాం ఇంకెక్కడుంది?"

ప్రోగ్రామర్ గుమ్మం వైపు చూసి గొంతు తగ్గించాడు. "మేనేజర్ గారి గదిలో. ఇంకెక్కడా లేదు."

వరండాలో నడుస్తూనే డిటెక్టివ్ అడిగాడు. "ఆయన కళ్లద్దాలు పెట్టుకుంటాడా?"

"పెట్టుకోరు సార్. యాభై అయిదు దాటాయి, నలభై అయిదంటారు."

"మెకానిక్‌తో ఏం తగువు?"

"గాదె అడుగున కుళ్లిన ధాన్యం ఉందట. ఈయన మంచిదాంట్లో కలిపి పంపిస్తున్నారని మెకానిక్ కనిపెట్టాడు. దిగి గుప్పెడు తీసి పైవాళ్లకి చూపిస్తానన్నాడని అనుకున్నారు. నేను పట్టించుకోలేదు."

"నువ్వు పట్టించుకున్నది ఏదైనా ఉంటే చెప్పు, నోట్లో చక్కెర పోస్తాను."

మేనేజర్ గది తలుపు దగ్గరగా వేసి ఉంది. ప్రోగ్రామర్ కంపెనీ పాస్‌వర్డ్ కొట్టాడు. తెర వెలిగింది. అక్షరాలు బస్సు బోర్డు మీద రాతలంత ఉన్నాయి.

"మనిషిని చంపేటప్పుడు కూడా వయసు దాచుకున్నాడు వెధవ," అన్నాడు డిటెక్టివ్.

తెర అడుగు పట్టీలో రెండు విండోలు దించి ఉన్నాయి. మొదటిది పైకి తీశారు. గేటు ప్రోగ్రాం. పై అంచున ఆపరేటర్ పేరు. ఆమె రిపోర్టు కోసం తెరిచి వెళ్లాక ఎవరూ మూయలేదు. 'ఇక నువ్వెళ్లు' అన్నది అందుకే. రెండోదానికి పేరు కూడా లేదు. ఒక టైము, దాని కింద 'రద్దు' అని ఒక బటన్, అంతే. చెప్పిన టైముకి గేటు బటన్ నొక్కే ప్రోగ్రాం. మెకానిక్ మునిగిపోతున్నప్పుడు ఈ గది యజమాని కింద నలుగురిలో నిలబడి కబుర్లు చెబుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ అతన్ని అనుమానించకపోవడానికి అదొక్కటే కారణం.

అందులో ఉన్న టైము మొన్నటిది కాదు.

"పన్నెండూ పది," అని చదివాడు ప్రోగ్రామర్. తెర మూల గడియారం పన్నెండూ ఏడు చూపిస్తోంది. "సార్... ఇది ఈరోజుకి పెట్టారు."

గాదెలో ఇప్పుడు ఆమె, ఇన్‌స్పెక్టర్ ఉన్నారు.

"గేటు మళ్లీ దానంతట అదే తెరుచుకుంటే యంత్రమే పాడైందంటాడు," అన్నాడు డిటెక్టివ్. "మొన్నటి చావూ ఈరోజు చావులూ అన్నీ యంత్రం ఖాతాలోకి పోతాయి. ఈ గదిలో తన పేరుతో తెరిచానని చెప్పగలిగిన మనిషి మిగలదు."

ప్రోగ్రామర్ చెయ్యి మౌస్ మీదకి వెళ్లి ఆగిపోయింది. "ఆపేస్తే సాక్ష్యం పోతుంది సార్. కింద గేటు మోటార్ ఆపించి, దీన్ని నడవనిస్తే... ఆమె గాదెలో ఉండగానే ఆమె పేరు పడుతుంది. ఇన్‌స్పెక్టర్ నోరెత్తలేడు."

"మోటార్ ఆపేవాడు దారిలో కాలు జారి పడితే? ఆపు ముందు. సాక్ష్యం ఇంకోటి దొరుకుతుంది. మనిషి దొరకడు."

ప్రోగ్రామర్ 'రద్దు' నొక్కాడు. చిన్న విండో పోయింది.

డిటెక్టివ్ ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేశాడు.

"మోకాళ్ల దాకా ధాన్యంలో ఉన్నానయ్యా," ఇనుప గోడల మధ్య ఇన్‌స్పెక్టర్ గొంతు గణగణలాడింది. "మీ అంకెల గోల పైకొచ్చాక వింటాను."

"ఆమెను తీసుకుని ఇప్పుడే పైకి..."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

డిటెక్టివ్ కిటికీ దగ్గరకు నడిచాడు. ఎదురుగా గాదె. దాని నెత్తిన, లోపలికి దిగే మూత పక్కన, మేనేజర్ ఒక్కడే నిలబడి ఉన్నాడు. లోపలికి దిగినవాళ్ల నడుములకు కట్టిన తాళ్లు రెండూ కొక్కేల నుంచి విప్పి పక్కన పెట్టాడు. మూత వేసి గడియ పెట్టాడు. చేతివాచీ చూసుకున్నాడు. ఇనుప రేకుకి చెవి ఆనించి విన్నాడు. మళ్లీ వాచీ చూసుకున్నాడు. రాని బస్సు కోసం రోడ్డుమీద నిలబడ్డవాడిలా ఉన్నాడు.

"సాక్ష్యం పోతుందన్నావుగా. ఇదిగో ఇంకోటి, చూడు. గేటు ఏ టైముకి తెరుచుకోవాలో ఊరందరిలో వాడొక్కడికే తెలుసు," అన్నాడు డిటెక్టివ్.

అప్పుడే మేనేజర్ తల ఎత్తాడు. తన గది కిటికీలో రెండు తలలు కనబడ్డాయి. అంత దూరం నుంచి ముఖాలు ఆనకపోయినా, ఆ గదిలో ఎవరూ ఉండకూడదని అతనికి తెలుసు. చకచకా బయటి నిచ్చెన దిగడం మొదలుపెట్టాడు.

"పారిపోతున్నాడు!"

"కాదు సార్..." అన్నాడు ప్రోగ్రామర్. "గేటుకి కింద చేతి చక్రం ఉంది. కరెంటు పోయినప్పుడు చేత్తో తిప్పి తెరవడానికి."

డిటెక్టివ్ పరిగెత్తాడు. వరండా, మెట్లు, ఆవరణ. అతను ఆవరణలోకి వచ్చేసరికి మేనేజర్ చక్రం దగ్గర ఉన్నాడు. అది గాదె మొదట్లో, సిమెంటు దిమ్మకి పక్కనే ఉంది. దిమ్మ మీది ముసలావిడ లేచి నిలబడింది.

"జరుగమ్మా, అడ్డం," అన్నాడు మేనేజర్.

"ఎందుకు తిప్పుతున్నావు? లోపల నా కోడలుంది."

"నీ కొడుకుని చంపింది అదే!"

"అయితే దాని సంగతి నేను చూసుకుంటాను. మధ్యలో నువ్వెవరివి?"

మేనేజర్ ఆవిడని భుజంతో తోసి చక్రం పట్టుకున్నాడు. అది కిర్రుమంది. కింది గొట్టంలోంచి గుప్పెడు గింజలు రాలాయి, ఇంకో గుప్పెడు రాలాయి. లోపల నుంచి ఇనుప రేకుని ఎవరో అరచేతులతో బాదడం మొదలుపెట్టారు.

కిందపడిన ముసలావిడ మోకాళ్ల మీద లేచింది. ఏం జరుగుతోందని ఎవరినీ అడగలేదు. కుడిచెయ్యి భుజం దాకా చక్రం ఆకుల మధ్య దూర్చి, వెనక ఉన్న ఇనుప స్తంభాన్ని పట్టుకుంది. చక్రం ఆ చేతికి తగిలి ఆగింది.

"తియ్యి! విరిగిపోతుంది!" మేనేజర్ అరిచాడు.

"విరుగుతుందని నాకూ తెలుసులేరా," అందావిడ. "తిప్పు. నీ బలమెంతో చూస్తాను."

డిటెక్టివ్ ఇంకా సగం ఆవరణ అవతలే ఉన్నాడు. మేనేజర్ కాళ్లు నిలదొక్కుకుని రెండు చేతులా చక్రం మీద బరువంతా వేశాడు. ఆవిడ చెయ్యి తియ్యలేదు.